అరవై దాటిన రక్తం

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావుగారి పేరుతో జరిగే సభలో మాట్లాడేవాళ్లు ఆయన ఖాతాలోని మందులన్నీ వరసగా చెప్పడం రివాజు. నేను ఒక్క మందు దగ్గరే ఆగిపోతాను. అది ఫోలిక్ యాసిడ్. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం దాన్ని తయారుచేసింది. 1895లో భీమవరంలో పుట్టిన ఆ మనిషికి ఈ మందుతో ఇంటి బాకీ లాంటిది ఒకటుంది. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. స్ప్రూ పట్టినవాడికి తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, నాలుక పూత, ఒళ్లు తెల్లబడిపోవడం. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు తర్వాతి రోజుల్లో పనికొచ్చిన మందు ఇదే.

అయితే ఈ కథ లెడర్లీలో మొదలు కాలేదు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు ఒక రకం రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్ల రక్తం చూసిన ఆమె అక్కడితో ఆగకుండా వాళ్ల ఇళ్లలో తిండి ఎలా ఉందో కూడా చూసింది. ఎంత నాసి తిండి తినే ఇంట్లో జబ్బు అంత ఎక్కువగా కనిపించింది. ఈస్టుతో చేసే మార్మైట్ అనే చవక సరుకు తినిపిస్తే తేరుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించింది. అందులో పనిచేసిన పదార్థాన్ని పదేళ్ల తర్వాత టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి రవ్వంత వేరుచేశారు. ఆ తర్వాతే సుబ్బారావుగారి బృందం వంతు వచ్చింది. అంటే, పేద ఆడమనిషిని “ఏం తింటున్నావు?” అని అడిగితే పుట్టిన మందు ఇది. బిళ్ల మనకు దక్కింది. ఆ ప్రశ్న అడగడం మాత్రం మానేశాం. అరవై దాటినవాళ్లను అసలే అడగం.

ఆసుపత్రిలో ఓపీ దగ్గర కాసేపు నిలబడితే ఈ సంగతి తెలుస్తుంది. ముసలమ్మ వస్తుంది. నీరసం, నాలుగు అడుగులేస్తే ఆయాసం, రాత్రిళ్లు కాళ్లు లాగడం. పక్కనున్న కొడుకు ఆమె నోరు తెరవకముందే “వయసైపోయింది గదండీ” అంటాడు. డాక్టరు కంటి కింది రెప్ప లాగి చూస్తాడు, తెల్లగా ఉంటుంది. పరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. “రక్తం తక్కువుంది, ఈ వయసులో మామూలే” అని బిళ్లలు రాస్తాడు. ఇంతలో ఇంకో ముప్పై మంది లైన్లో ఉంటారు కాబట్టి ఆయన్ని నేను తప్పు పట్టను. కానీ “మామూలే” అన్న ఆ మాట దగ్గరే నా పేచీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968 నుంచీ వాడుతున్న కొలత ప్రకారం మగవాళ్లకు 13 గ్రాములు, గర్భం లేని ఆడవాళ్లకు 12 గ్రాముల లోపు హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనత. ముసలివాళ్లకు వేరే రాయితీ లేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కలో పెద్దవయసు మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఐరన్ సరిపోతే, ఆడమనిషికి 29 కావాలి. ఆ తేడా నెలనెలా పోయే రక్తానిది. నెలసరి ఆగిపోయాక ఆ నష్టం ఆగుతుంది. ఒంటి లెక్క ప్రకారం చూస్తే యాభై దాటిన ఆడవాళ్ల రక్తం కొంచెం మెరుగుపడాలి. పడకపోతే వయసుకు ఆవల ఏదో ఉందన్నమాట.

అమెరికాలో 1988-94 మధ్య జరిగిన దేశవ్యాప్త సర్వేలో అరవై అయిదు దాటిన వాళ్లలో సుమారు పది శాతానికి రక్తహీనత తేలింది. కారణాలు వెతికితే మూడో వంతు తిండి లోపం, మూడో వంతు కిడ్నీ జబ్బులూ దీర్ఘకాలపు వాపులూ, మిగతా మూడో వంతు కారణం దొరకనిది. అదే సర్వేలో తెల్లవాళ్లలో 9 శాతం ఉంటే నల్లవాళ్లలో 28 శాతం దాకా ఉంది. కొంత వంశపారంపర్యంగా వచ్చే తేడా ఉంది, నిజమే. కానీ మూడు రెట్ల తేడాను అదొక్కటే మోయలేదు. వయసు ఇద్దరికీ ఒకటేగా. ఇక ప్రపంచం మొత్తం మీద ముసలివాళ్లలో దాదాపు 24 శాతానికి రక్తహీనత ఉందని ఆరోగ్య సంస్థ 2008లో అంచనా వేసింది.

మరి మన దగ్గర ఎంత? ఇక్కడ ఒక చిత్రం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 నాటిది తీయండి. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఆడవాళ్లకు రక్తహీనత. ఎవరా ఆడవాళ్లు? 15 నుంచి 49 ఏళ్లవాళ్లు. యాభయ్యో పుట్టినరోజు దాటిన ఆడమనిషి వేలికి ఆ సూది గుచ్చలేదు. 2018లో మొదలైన రక్తహీనత ముక్త భారత్ పథకం ఆరు గుంపులను ఎంచుకుంది. పసిపిల్లలు, బడిపిల్లలు, కౌమారదశ వాళ్లు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు, గర్భిణులు, బాలింతలు. ముసలివాళ్లు ఏడో గుంపు కూడా కాలేదు. పథకం పుట్టిన కారణం తల్లీబిడ్డల చావులు, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ లెక్కలో లేనివాళ్లు బడ్జెట్లోనూ ఉండరని ఈ సభలో ఉద్యోగులకు నేను చెప్పక్కర్లేదు. వృద్ధుల మీద 2017-18లో జరిగిన పెద్ద సర్వేలో అరవై దాటిన వాళ్లలో 27 శాతం ఉండాల్సిన బరువు కంటే తక్కువున్నారని తేలింది. ఆ బక్కచిక్కిన ఒంట్లో రక్తం ఎంతుందో ఊహించుకోవడం కష్టం కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. 1936లో జాన్ బాయిడ్ ఆర్ బ్రిటన్ జనాన్ని ఆదాయాన్ని బట్టి ఆరు తరగతులు చేసి, ఎవరేం తింటున్నారో పట్టిక వేశాడు. అట్టడుగున ఉన్న 45 లక్షల మంది తిండిలో ఆయన కొలిచిన ప్రతి పోషకమూ తక్కువే. ఆదాయం ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ పాలు, గుడ్లు, పండ్లు, మాంసం పెరిగాయి. పట్టిక చూసిన ప్రభుత్వానికి కంటగింపైంది. ఆయనకే 1949లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆదాయం పెరిగితే పోషణ పెరుగుతుందన్న మాటకు ఇంతకంటే పాత సాక్ష్యాలు కూడా ఉన్నాయి. నేను దాన్ని కాదనను. కానీ తెలుగునేల మీద ఆ మెట్లు అంత నేరుగా ఎక్కిపోవు. ఇక్కడ డబ్బుతో పాటు పరువు కూడా పళ్లెంలో కూర్చుంటుంది.

మన అమ్మమ్మల నాడు మెట్ట ఊళ్లలో వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో వండేవారు. రోజూ జొన్న సంకటి, సజ్జ రొట్టె, రాగి అంబలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ పథకం ఆకలిని తరిమింది, అందులో సందేహం లేదు. ఆకలి తెలియనివాళ్లే దాన్ని వెక్కిరిస్తారు. దాంతోపాటు రోజూ తెల్లన్నం తినే హోదా పేదింటికి కూడా వచ్చింది. జొన్న, సజ్జ గంపలు మూలకు చేరాయి. పాలిష్ పట్టిన వంద గ్రాముల బియ్యంలో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. జొన్నల్లో నాలుగు దాకా, రాగుల్లో నాలుగున్నర పైన, సజ్జల్లో ఆరు పైన. ధాన్యంలోని ఫైటేట్ల వల్ల అందులో చాలా భాగం ఒంటికి అందదన్నది నిజమే. అయినా ఒకటి లోపు ఉన్నదాన్నుంచి ఎంత అందుతుంది చెప్పండి?

మాంసం సంగతీ అంతే. నెత్తురు పట్టడానికి ఊళ్లో ఎవర్నడిగినా తిల్లి తినమంటారు, కార్జం తినమంటారు. తెలంగాణలో నల్ల వండుకుంటారు. ఇవన్నీ కసాయి దుకాణంలో చవగ్గా దొరికేవి, ఐరన్ బాగా ఒంటబట్టేవి. ఇంట్లో ఒకడికి ఉద్యోగం రాగానే ముందు మానేసేవి కూడా ఇవే. “ఇంకా బోటీ, నల్ల ఏంటమ్మా” అంటాడు కొడుకు. వాటి స్థానంలో ఆదివారం ఫారంకోడి వస్తుంది. పొలం గట్ల మీద దొరికే గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, తుమ్మి కూర కూడా “ఏమీ లేనోళ్ల కూర”గా ముద్ర పడ్డాయి. కలుపుమందు కొట్టాక గట్ల మీద అవి బతకడం కూడా తగ్గింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, 1990ల్లోనే తమ జొన్నలతో తామే రేషన్ నడుపుకున్నారు. గట్ల మీది ఆకుకూరలు తిండే తప్ప కలుపు కాదని పట్టుబట్టారు. పోషణ శాస్త్రం మీద మేం రాసిన పుస్తకాల కన్నా వాళ్ల గంపలు నయం.

ఇక ఇంటి లోపలికి వెళదాం. కుటుంబ ఆదాయం అని మనం రాసుకునే అంకె గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వంటింట్లో అది ఎవరి కంచంలోకి ఎంత వెళ్తుందో ఆ అంకె చెప్పదు. ఖమ్మం జిల్లాలో ఒక ఊళ్లో చూశాను. ముగ్గురు కొడుకులు, ముగ్గురికీ డాబాలు, ట్రాక్టరు కూడా ఉంది. తల్లి నెలకొకరి దగ్గర వంతు. ఒకటో తారీఖు పొద్దున్నే తన కంచం, గ్లాసు, మందుల సంచి, దుప్పటి పట్టుకుని ఒక డాబా దిగి ఇంకో డాబా ఎక్కుతుంది. ముప్పయ్యొకటో తారీఖు వచ్చిన నెలలో ఆ ఒక్కరోజు ఎవరిదన్నది ఆ ఇంట్లో తేలని వ్యాజ్యం. పెద్దకోడలు ఎదురుగానే ఉంది కాబట్టి “ఏం తిన్నావమ్మా నిన్న?” అంటే “బాగానే పెడతారయ్యా” అంది. పక్కింటి అరుగు మీద కూర్చున్నాక అసలు సంగతి బయటికొచ్చింది. పొద్దున టీ, మధ్యాహ్నం అన్నం, చారు, రాత్రి మజ్జిగన్నం. గుడ్డు వండిన రోజు పిల్లలకు పోగా మిగిలితే పులుసు. అడిగి పెట్టించుకోవడం ఆమెకు నామోషీ. ఒకప్పుడు ఆ ఇంట్లో ఎవరికెంత వడ్డించాలో నిర్ణయించిన గరిటె ఆమె చేతిలోదే. సర్వేవాళ్లు ఆ ఇంటిని సంపన్న వర్గంలో రాసుకుని ఉంటారు.

భూమి ఆమె పేరు మీద ఇంకా ఉన్నట్టయితే? నా అనుభవంలో పాసుపుస్తకం తమ పేరు మీదే ఉంచుకున్న ముసలివాళ్ల ఒంట్లో కండ కాస్త మిగిలి ఉంటుంది. ఇదేమీ అధ్యయనం కాదు, చాలా ఇళ్లు చూసినవాడి గమనింపు. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెడితే నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు. కన్నకొడుకు మీద కాగితం పెట్టడానికి ఎంతమంది తల్లులు గడప దాటతారో మీకు తెలుసు.

పరువు పేదవాళ్లనే కాదు, అగ్రవర్ణం వాళ్లనూ పస్తు పెడుతుంది. సంప్రదాయం గట్టిగా పట్టుకున్న ఇళ్లలో భర్త పోయిన ఆడమనిషి ఒంటిపూట భోజనం చేస్తుంది, ఏకాదశికి ఉపవాసం ఉంటుంది, రాత్రికి ఏదో ఫలహారం. ఆ ఇంట్లో నెయ్యికి లోటుండదు. కానీ బీ12 విటమిన్ సహజంగా జంతువుల నుంచి వచ్చే తిండిలోనే దొరుకుతుంది. శాకాహారికి పాలూ పెరుగే గతి. వయసు మీద పడ్డాక కడుపులో ఆమ్లం తగ్గి ఆ కాస్తా సరిగ్గా ఒంటబట్టదు. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, నడకలో తూలుడు. “అత్తగారికి చాదస్తం పెరిగింది” అని ఇంట్లోవాళ్లు అనుకునేదాంట్లో కొంత బీ12 లోపం కావచ్చు. ఎర్రకణాలు తగ్గకముందే నరాలు దెబ్బతినవచ్చు కాబట్టి రక్తం బాగుందన్న ధీమా కూడా పనికిరాదు.

పట్నం అపార్ట్‌మెంట్లో ఉండే రిటైర్డు దంపతులది ఇంకో దారి. పిల్లలు డాలస్‌లో. ఇద్దరికే ఏం వండుతాంలే అని రాత్రికి రెండు ఇడ్లీలో, పాలు-బిస్కట్లో. మెట్‌ఫార్మిన్ పదేళ్లుగా వాడుతున్నారు, గ్యాస్ బిళ్ల పరగడుపున వేయనిదే రోజు మొదలు కాదు. ఈ రెండూ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. తిన్న వెంటనే పడే టీ తిండిలోని ఐరన్‌ను అడ్డుకుంటుంది. పేదవాడి రక్తహీనత పళ్లెంలోంచి వస్తే వీళ్లది మందుల డబ్బాలోంచి వస్తోంది. తేడా ఏమిటంటే వీళ్లకు ల్యాబు దగ్గర్లో ఉంది, ఏడాదికోసారి ఫుల్ చెకప్ ఉంది.

పల్లెలో ఆ పని చేసేది ఆర్ఎంపీ. నెలనెలా పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నాలుగు వేలు, ఇంటికే తెచ్చి ఇస్తారు. తెలంగాణలో 2019 నుంచి 2,016 రూపాయలు. అందులో కేంద్రం వాటా ఎనభై లోపు వాళ్లకు రెండు వందలే, చాలా ఏళ్లుగా కదలని రెండు వందలు. పింఛను చేతిలో పడ్డాక ఇంట్లో పలకరింపు మారుతుందని ముసలివాళ్లే నవ్వుతూ చెబుతారు. ఆ డబ్బులో కొంత మనవడి ఫీజుకో, కొడుకు బాకీకో పోతుంది. మిగిలినదాంతో “బలానికి” బాటిల్. ఆర్ఎంపీ ముందుగదిలో నవారు మంచం, గోడకు మేకు, మేకుకు వేలాడే సెలైన్. అందులోకి ఒక సూది మందు ఎక్కించగానే నీళ్లు పసుపురంగుకు తిరుగుతాయి. ఆ రంగు చూస్తేనే సగం బలం వచ్చినట్టు ఉంటుంది. గంటసేపు చల్లగా ఒంట్లోకి దిగుతుంది. ఐరన్ లేదు, మాంసకృత్తులు లేవు. ఆ డబ్బుకు నెలకు సరిపడా గుడ్లు వచ్చేవి. వెళ్లేటప్పుడు మోకాళ్ల నొప్పికి ఇచ్చే బిళ్లలు ఇంకో ప్రమాదం. పరగడుపున నెలల తరబడి మింగితే కడుపులో పుండు పడి, తెలియకుండానే నెత్తురు కారిపోవచ్చు. మలం తారులా నల్లగా వస్తుందని ఎవరూ చెప్పుకోరు.

అందుకే ముసలివాళ్ల రక్తహీనతను తిండి ఖాతాలో మాత్రమే వేసి ఊరుకోకూడదు. అరవై దాటిన మగవాడికి ఐరన్ లోపం కనిపిస్తే పేగుల్లో క్యాన్సర్ లేదని తేల్చుకునేదాకా డాక్టరు నిద్రపోకూడదు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పాడైన వ్యవసాయ కూలీలకు ఎంత తిండి పెట్టినా రక్తం పెరగదు, ఎముక మజ్జకు పని చెప్పే హార్మోను కిడ్నీలోంచే రావాలి గనక. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. అక్కడికి వెళ్లేది ఎవరు, ఎప్పుడు వెళ్తారు అన్నదాంట్లో మళ్లీ కూలి డబ్బుల లెక్కే ఉంటుంది.

పళ్ల గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. జొన్నరొట్టె, మాంసం, పల్లీలు, జామకాయ, వీటన్నిటికీ దంతాలు కావాలి. పళ్లు ఊడినవాడు మెత్తటి అన్నం, చారు, పాలలో ముంచిన బిస్కట్టు దగ్గర ఆగిపోతాడు. పళ్లసెట్టు డబ్బున్న ముసలివాడికే ఉంటుంది. పేద వృద్ధులకు కర్రలు, కళ్లద్దాలు, వినికిడి యంత్రాలతో పాటు పళ్లసెట్లు కూడా ఉచితంగా ఇవ్వడానికి 2017లో రాష్ట్రీయ వయోశ్రీ యోజన మన నెల్లూరులోనే మొదలైంది. శిబిరాల్లో చేతికర్రలు పంచిన ఫొటోలు చాలా చూశాను. నోరు తెరిపించి కొలతలు తీసుకుంటున్న ఫొటో నాకు కనబడలేదు. కర్ర ఒక్కపూటలో ఇచ్చెయ్యవచ్చు, పళ్లసెట్టుకు నాలుగుసార్లు తిరగాలి.

ఫోర్టిఫైడ్ బియ్యం సంగతి చెప్పి ముగింపుకొస్తాను. 2021 ఆగస్టు 15న ప్రకటించి, 2024 మార్చి నాటికి రేషన్ అంతటా పంపిణీ చేశారు. వంద గింజలకు ఒక గింజ ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసినది. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలని నిబంధన. మనిషికి నెలకు అయిదు కిలోలంటే రోజుకు నాలుగున్నర నుంచి ఏడు మిల్లీగ్రాముల దాకా. తీసిపారేసే సంఖ్య కాదు. కానీ ఊళ్లో దాని పేరు ప్లాస్టిక్ బియ్యం. ఆ గింజలు నీళ్లలో తేలతాయి, రంగు కాస్త తేడా. చేటలో బియ్యం చెరిగి ఏరే పని ఇంట్లో ముసలమ్మదే, ఆమె చూపు ఆననిదైనా వేలికి తేడా తెలుస్తుంది. ఎవరి కోసం వేశారో ఆమే వాటిని ఒక్కొక్కటిగా ఏరి వాకిట్లో కోళ్లకు విసురుతుంది. ఆమెకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. డీలరు చెప్పడు, సంచి మీద రాసింది ఆమె చదవలేదు. రేషన్ బియ్యం అమ్ముకునే ఇళ్లలో ఆ మాత్రం కూడా లేదు. నన్నడిగితే మందు కలిపిన బియ్యం కన్నా నెలకో రెండు కిలోల కందిపప్పు, వారానికి నాలుగు గుడ్లు మేలు. అంగన్‌వాడీలో గర్భిణికి ఇవ్వగలిగిన గుడ్డు అదే వీధిలో ఉన్న ముసలమ్మకు ఇవ్వలేకపోవడానికి కారణం గుడ్డు ధర అయితే కాదు.

“వాళ్ల రక్తం పెరిగితే దేశానికేమొస్తుంది?” అని ఒక సమావేశంలో నన్ను ఒకాయన సూటిగానే అడిగారు. 2005 ఉపాధి హామీ చట్టం గరిష్ఠ వయసు పెట్టలేదు. ఎండలో గంపలెత్తిన ముసలమ్మలను నేను ఎన్ని ఊళ్లలో చూశానో. పట్నం పోయిన కూతుళ్ల పిల్లల్ని సాకుతున్నదీ వాళ్లే. అయినా నేను ఈ జవాబు చెప్పడానికి ఇష్టపడను. పనికొస్తేనే తిండి అన్న ఒప్పందం మీద సంతకం పెట్టినట్టవుతుంది.

ఇక్కడ జిల్లా వైద్యశాఖ వాళ్లున్నారు కాబట్టి ఒక్క పని అడుగుతాను. ఆరు గుంపుల పక్కన ఏడోది చేర్చడానికి ఢిల్లీ ఉత్తర్వు కావాలి. పింఛన్ల జాబితా పక్కన హిమోగ్లోబిన్ కాలమ్ ఒకటి గీసుకోవడానికి మాత్రం కావలసింది గీతబద్ద. కొలిచే మీటరు ఉపకేంద్రంలో గర్భిణుల కోసం ఉన్నదే, ముసలివాళ్ల పేర్లూ ఇళ్లూ పింఛను ఇచ్చేవాళ్ల దగ్గర ఉన్నవే. పది లోపు వచ్చినవాళ్లను నడిపించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లే మనిషి ఒకరు, అక్కడ బీ12 పరీక్ష ఒకటి. ఐరన్ బిళ్ల వేసుకుంటే మలబద్ధకమని నాలుగో రోజే మానేస్తారు. రోజు విడిచి రోజు వేసుకోమనండి, ఒంటబట్టడం కూడా అప్పుడే మెరుగని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. ఒక మండలంలో ఒక సంవత్సరం చేసి చూడండి. ఆ కాలమ్‌లో వచ్చే అంకెల పక్కన ఇంకో రెండు సంగతులు రాసుకోండి. ఆమె భర్త ఉన్నాడా, ఆమె పేరు మీద భూమి ఉందా. తర్వాత ఆ కాగితం నాకు పంపండి, వచ్చే ఏడాది ఈ ఉపన్యాసం ఇచ్చేవాళ్లకు అందిస్తాను.

ప్రశ్నలుంటే అడగండి.